వాడి మాట, ఆమె గొంతు

బండి ధర్మవరం స్టేషను వదిలి పది నిమిషాలైనా నాగేశ్వరయ్య చెవులను ఆ పిల్ల గొంతు వదలలేదు. ‘నేను’ అంటుంది ఆ గొంతు. నేను మూడో బెంచీలో కూర్చుంటా, నేను మాస్టరు మొహమే చూస్తా, మాస్టరు బోర్డు తట్టు తిరిగినాడంటే నాకు పాఠం ఆగిపోతాది. గొంతు, చేతి సైగలను మాటలుగా చెప్పే సుచిత్ర అనే పాతికేళ్ల ఆడపిల్లది. మాట మాత్రం ఎదురు సీట్లో కిటికీ పక్కన కూర్చుని, ఊచల మీద మోచేయి ఆనించి, ఎర్రమట్టి చేల మీద పరుగెత్తుతున్న బండి నీడను చూస్తున్న కొడుకు నవనీత్‌ది. పుట్టుకతోనే చెవులు వినపడని కొడుకు. ఇరవై రెండేళ్లు పెంచిన కొడుకు. ఇవాళ పగలు పన్నెండు గంటల దాకా వాడు ఒక్క వాక్యం మొదటి నుంచి చివరి దాకా చెప్పగా నాగేశ్వరయ్య వినలేదు. పన్నెండు తర్వాత గంటసేపు విన్నాడు, అదీ వేరే పిల్ల నోటి నుంచి. హిందూపురం చింతపండు మార్కెట్లో ముప్పై ఏళ్లుగా మండీ నడుపుతున్న మనిషి, వేలంలో నిలబడి కేక వేశాడంటే అవతలి వీధి వాళ్లు కూడా ధర తెలుసుకునేంత గొంతున్న మనిషి, ఆ గంటా నోరు తెరవాలంటే భయపడ్డాడు. ఇప్పుడు వాడి సంచిలో ఒక ఉత్తరం ఉంది. అది రాసింది తను. దాని గురించి వాడు స్టేషనుకు వచ్చే ఆటోలో ఏమీ అనలేదు, ప్లాట్‌ఫారం మీద బొరుగులు తింటూ ఏమీ అనలేదు. అనాలన్నా ఎట్లా అంటాడు? సుచిత్ర అనంతపురం బస్సెక్కి వెళ్లిపోయింది. తండ్రీ కొడుకులు మిగిలారు, వాళ్ల మధ్య నాలుగు సైగలు మిగిలాయి. తిను, రా, పడుకో, ఆగు. ఆ నాలుగింటితో ఎవడైనా ఎదుటివాడికి ఏ సంజాయిషీ చెప్పుకోగలడు?

అసలు తను రావలసింది కాదు. ఎప్పుడూ వాడి వెంట తిరిగింది భాగ్యలక్ష్మి. నిన్న సాయంత్రం వంటింటి గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే అంది, “కాలేజీ సారు పిలిచినాడంట, ఈసారి నువ్వు పో.” సీజను గదే, పొద్దున్నే బండ్లు దిగుతాండాయి, నేను లేకపోతే ఎట్ల అన్నాడు. “దిగనీ. పదైదేండ్లు నేను తిరిగినా వానితో. బెంగుళూరు ఆసుపత్రికి నేనే, వికలాంగుల సర్టిఫికెట్టుకని సదరం క్యాంపుకు నేనే, కాలేజీలో సీటు కాడికీ నేనే. ఈ ఒక్క దినం నువ్వు పో. వాడు నీకూ కొడుకే గదా.” ఆ చివరి మాటకు కోపం వచ్చింది గానీ, లోపల ఒక మూల, సరే మంచిదే అనిపించింది. ఎందుకంటే ఉత్తరం సంగతి ఆమెకు చెప్పలేదు. నెల కిందట యూనివర్సిటీ పీజీ కేంద్రం నుంచి ఎవరో గుమాస్తా ఫోను చేశాడు. మీవాడు క్లాసులకు రావడం లేదండీ, లైబ్రరీలో కూర్చుంటాడు, హాజరు చాలదు, పరీక్ష రాయనివ్వరు, దూరవిద్యకు మార్చుకుంటే మీకూ సుఖం మాకూ సుఖం, తండ్రిగా మీరొక అంగీకార పత్రం రాసివ్వండి చాలు. నాగేశ్వరయ్య ఆ మాట పట్టుకున్నాడు. ఆ రాత్రే మండీ కాగితం మీద రాశాడు. ‘మా కుమారుని ఆరోగ్య పరిస్థితి దృష్ట్యా’ అని మొదలుపెట్టి, కలం ఆపి, ఆరోగ్యానికేమైందని తనకే నవ్వొచ్చింది. వాడు చింతపండు మూటను ఒంటి భుజం మీద మోసుకుపోయే పిల్లవాడు. అయినా రాశాడు. రాస్తున్నప్పుడు కళ్ల ముందర కనపడింది మార్కులు కాదు, పరీక్షలు కాదు. మండీలో మూటల మీద కాళ్లు చాచుకుని కూర్చుని, వచ్చే పోయే వాళ్లను కళ్లతో చదివే కొడుకు కనపడ్డాడు. వాడు ధర్మవరం వెళ్లిన ఎనిమిది నెలల నుంచి ఆ మూటల మీద పిల్లి పడుకుంటోంది. ఆ పిల్లిని చూసినప్పుడల్లా చిరాకు. ప్రేమతోనే రాశాడు. ఆ ముక్క ఇప్పుడు వాడికి చెప్పడమెట్లా?

బయట చింతచెట్లు కాయ దులిపించుకుని తేలికగా నిలబడి ఉన్నాయి. ఎక్కడో ఒక చెట్టు కింద ఆడవాళ్లు గోనెపట్టాల మీద కూర్చుని పండు కొడుతున్నారు, చేతులు లేచి పడుతున్నాయి గానీ చప్పుడు బండి చప్పుడులో కలిసిపోయి వినపడలేదు. వాడికి లోకమంతా ఇట్లాగే ఉంటుందా, చేతులు లేచి పడడమే తప్ప చప్పుడు లేకుండా? కాదని పొద్దున్నే కదా తెలిసింది. బండి దిగగానే, స్టేషనుకు వచ్చి నిలబడిన వాడు తనను గదికి తీసుకుపోయాడు. మేడ మీద గది, కింద నాలుగు మరమగ్గాలు. మెట్లెక్కుతుంటేనే కాళ్లు వణికాయి, చెవులు దిబ్బడ వేశాయి. ఇంటావిడ ఆదెమ్మ ఎదురొచ్చి అరిచినట్టు చెప్పింది, “ఎవురూ నిలవర్నా ఈ గదిలో. నెల తిరక్కముందే పారిపోతారు. మీవాడొక్కడే కాపురమున్నట్టు ఉండాడు.” పాపం బిడ్డ, ఇంతకంటే మంచి గది దొరకలేదా అని నాగేశ్వరయ్య గుండె కరిగింది. వాడు నవ్వుతూ తండ్రి అరచేతిని పట్టుకుని ఇనుప మంచం పట్టీ మీద ఆనించాడు. దడ, దడ, దడ. మంచంలో ప్రాణమున్నట్టు కొట్టుకుంటోంది. వాడు కళ్లు మూసుకుని తల ఊపాడు. ఇబ్బంది చూపిస్తున్నాడనుకుని, గది మారుద్దాం అని చేయి తిప్పి సైగ చేశాడు తను. వాడి మొహం వాడిపోయింది. ఎందుకు వాడిపోయిందో రెండు గంటల తర్వాత సుచిత్ర గొంతులో తెలిసింది. యాడుండావప్పా అని కాలేజీ సారు ఊరికే అడిగితే, మగ్గాల పైన ఉండా సార్, రేత్రి మగ్గాలు ఆగిపోతే నాకు మెలకువ వస్తాది, అవి ఆడుతాంటే ఇంట్లో మనుషులుండేట్టు ఉంటాది, అన్నాడు. అంటే తన ఇంట్లో వాడికి మనుషులున్నట్టు ఉండేది కాదా అని ఆ క్షణంలో తట్టింది. తట్టి, పోయి, ఇప్పుడు మళ్లీ వచ్చి కూర్చుంది, పక్క సీటు ఖాళీగా ఉన్నట్టు.

ఆ సారు పేరు చంద్రశేఖర్. మొక్కల పాఠం చెప్పే మనిషి. దివ్యాంగ విద్యార్థుల సహాయ కేంద్రం పని కూడా ఆయన నెత్తినే పెట్టారు. గది వెనక బీరువాలో సీసాల్లో ఆకులూ వేళ్లూ తేలుతున్నాయి, ముందు బల్ల మీద దరఖాస్తులు. చెడ్డవాడు కాదు. అలసిపోయిన మంచివాడు. “ఏమప్పా నవనీత్, నీకేం ఇబ్బంది?” అన్నాడు వాడి వైపు చూసి. అలవాటు ప్రకారం నాగేశ్వరయ్య అందుకున్నాడు. “ఇబ్బందేమీ లేదు సార్. మంచి పిల్లోడు, ఎవరి జోలికీ పోడు.” సారు పక్కన కూర్చున్న పిల్ల చేతులు గాలిలో ఆడాయి. ఎదురుగా వాడి చేతులు ఆడాయి. ఆ పిల్ల నోరు తెరిచి, “నేనింకా చెప్పలేదు నాయనా,” అంది. ఈ పిల్ల నన్ను నాయనా అంటుందేమిటని బిత్తరపోయి చూస్తే, సారు నవ్వి, “ఆయమ్మ నేను అంటే మీవాడని అర్థం. ఆయమ్మ ఈడ లేనట్టే అనుకోండి,” అన్నాడు. సుచిత్రది తాడిమర్రి పక్క పల్లె. అమ్మానాన్నలిద్దరికీ వినపడదు, పుట్టినప్పటి నుంచీ చేతులతోనే పెరిగింది. కాబట్టి వాడి మాటలన్నీ మన యాసలోనే వచ్చాయి. అదే తట్టుకోలేకపోయాడు. పుస్తకంలో మాటల్లాగా వచ్చి ఉంటే, ఎవరివో అనుకుని ఉండేవాడు.

పుస్తకాలిస్తాం, నోట్సు జిరాక్సు తీసిస్తాం, ముందు బెంచీ ఇస్తాం, అది చాలదా అన్నాడు సారు. వాడి చేతులు తొందరపడలేదు. “పుస్తకంలో ఉండేది పుస్తకంలో ఉండనే ఉండాది సార్. క్లాసులో పిల్లోళ్లు అడిగే ప్రశ్నలు పుస్తకంలో ఉండవు. మాస్టరు జోకు చెప్తాడు, అందరూ నవ్వుతారు. పక్కనోన్ని ఏమని అడిగితే, తర్వాత చెప్తాలే అంటాడు. ఇంట్లోనూ అంతే. తినేటప్పుడు అందరూ నవ్వుతారు. అమ్మను అడుగుతా. తర్వాత చెప్తా అంటాది. మర్చిపోతాది. ఆయమ్మ తప్పు కాదు, చేతిలో గరిటె ఉంటాది. నాకు ఆ జోకు కూడా కావాల సార్. అప్పుడే కావాల. అందుకే క్లాసుకు పోవడం మానుకున్నా. లైబ్రరీలో ఎవరూ నవ్వరు.” సారు కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. నాగేశ్వరయ్యకు మండీలో అనే మాటలన్నీ, ఇంటికొచ్చి చెప్పే కబుర్లన్నీ, వాడి చెల్లెలు సాహితి పొర్లి పొర్లి నవ్విన రాత్రులన్నీ గుర్తొచ్చాయి. ఆ నవ్వుల్లో వాడూ నవ్వేవాడు. వాడు నవ్వింది అందరి మొహాలూ చూసి అని తెలియదా తనకు? తెలుసు. తెలిసీ, వాడు కూడా నవ్వుతున్నాడులే అని సరిపెట్టుకున్నాడు.

చిన్నప్పుడు మాట నేర్పించలేదా అని సారు అడిగాడు. తప్పుగా అడగలేదు, కాగితంలో ఆ గడి ఉంది. “నేర్పించినారు. నాకు నాలుగు మాటలు నోటితో వచ్చు. నీళ్లు, అమ్మ, నాయనా, వద్దు. ఆ నాలుగుకు ఏడేండ్లు పట్టింది. ఆ ఏడేండ్లు చేతులు ఆడించనిచ్చి ఉంటే శానా తెలుసుకుని ఉందును.” వాడు ఆ మాట సారు వైపు చూసే చెప్పాడు, తండ్రి వైపు చూడలేదు. చూడకపోవడమే ఎక్కువ తగిలింది. బెంగుళూరులో పెద్ద డాక్టరు చెప్పాడప్పుడు, సైగలు చేయనిస్తే ఇంక నోరు తిరగదు, నోటితో అడిగేదాకా ఏమీ ఇవ్వకండి అని. వాడికి నాలుగేళ్లు. ఎండల్లో ఆడుకుని వచ్చి, కుండ దగ్గర నిలబడి, బొటనవేలు పెదాలకు తాకించుకునేవాడు. ఆ సైగ ఎవరూ నేర్పింది కాదు, వాడే కనిపెట్టుకున్నాడు. నాగేశ్వరయ్య చెంబు పైకి పట్టుకుని, నీళ్లు అను, నీళ్లు అను నాయనా, అని వంగి పెదాలు చూపించేవాడు. పిల్లవాడి రెండు చేతులూ తన ఒక్క చేతిలో పట్టి ఉంచేవాడు. వాడు తన మొహం వైపు కాదు, చేతులు పట్టుకున్న ఆ చేతి వైపు చూసేవాడు. ఒక రోజు వచ్చింది, ‘నీ...’ అని, గొంతులో రాయి దొర్లినట్టు. వాణ్ని ఎత్తుకుని మార్కెట్టంతా తిరిగాడు తను, నా కొడుకు నీళ్లడిగినాడు అని కేకలేస్తూ, కనపడిన వాళ్లందరికీ చక్కెర పంచుతూ. పంచుతున్నంతసేపూ పిల్లవాడి పెదాలు పొడిగానే ఉన్నాయి. చెంబు కుండ దగ్గరే ఉండిపోయింది. భాగ్యలక్ష్మి వెంట పరుగెత్తుకొచ్చి తాపించింది. ఆ సంగతి ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఆ రోజు గుర్తొచ్చినప్పుడల్లా చక్కెరే గుర్తొచ్చేది.

బండి ఏదో చిన్న స్టేషన్లో ఆగింది. మల్లెపూల బుట్టతో ఒకామె ఎక్కి పక్కన కూర్చుంది. వాడు కాళ్లు ముడుచుకుని ఆమెకు చోటిచ్చాడు. చూపు మాత్రం కిటికీ మీదే. కోపంగా ఉన్నాడా? దవడ దగ్గర చిన్న కండరం కదులుతోంది, భాగ్యలక్ష్మికీ అంతే కదులుతుంది. అక్కడ, ఆ గదిలో, ఆ ఉత్తరం సంగతి ఎట్లా బయటపడిందో మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. సారు కాగితాలు తిరగేస్తూ తల గోక్కుని, అది సరే నాగేశ్వరయ్య గారూ, మీరు దూరవిద్యకు ఒప్పుకున్నారని ఆఫీసులో రాసుకున్నారే, లెటరు తెస్తానన్నారంట, అన్నాడు. సుచిత్ర చేతులు లేచాయి. “ఆ మాట చెప్పొద్దమ్మా,” అన్నాడు నాగేశ్వరయ్య, మండీలో కుర్రవాళ్లకు చెప్పినట్టు కళ్లతో ఆపుతూ. ఆ పిల్ల మొహంలో ఏమీ మారలేదు. సారు మాట చెప్పింది, దాని వెంటనే తన మాటా చెప్పింది. ఆ మాట చెప్పొద్దమ్మా. చేతులతో ఆ మాట ఎట్లా ఉంటుందో అప్పుడు చూశాడు. చాలా చిన్నది. వాడు తండ్రి వైపు తిరిగాడు. ఆ గదిలో అదే మొదటిసారి తిరగడం. సుచిత్ర మెల్లగా అంది, “అన్నా, ఈ గదిలో ఎవరేమన్నా ఇద్దరికీ చెప్తా. అదే నా పని. లేకుంటే మీ మాట నేనెట్ల నమ్మకంగా చెప్తా?” అది కూడా చేతులతో వాడికి చెప్పింది.

జేబులో కాగితం బరువెక్కింది. సారు బల్ల మీదికి చేయి చాచి ఉన్నాడు. నాగేశ్వరయ్య తీశాడు. బల్ల దాటించలేదు, కొడుకు చేతికిచ్చాడు. ఎందుకట్లా చేశాడో ఆలోచించి చేసింది కాదు, చేయి అటు పోయింది. వాడు చదివాడు. ‘ఆరోగ్య పరిస్థితి’ దగ్గర ఒక కనుబొమ్మ లేచింది. మడిచి సంచిలో పెట్టుకుని, సారు వైపు తిరిగాడు. సుచిత్ర గొంతులో కాదు. తన నోటితో, వచ్చిన నాలుగు మాటల్లో ఒకటి తీసి, “వద్దు,” అన్నాడు. తర్వాతి సంగతంతా చేతులతో చెప్పాడు. దూరవిద్య వద్దు సార్, క్లాసులో చెప్పేదంతా చేతులతో చూపించేదానికి నాకు ఇంటర్‌ప్రెటర్ కావాల. అది నా హక్కు అని చట్టంలో ఉండాది, నేను చదివినా. మీరు మంచోళ్లు, మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదు.

సారు చాలాసేపు ఫోన్లో ఎవరితోనో మాట్లాడి, వారానికి రెండు రోజులు ఇప్పిస్తాం, ఇంతవరకూ పోయిన హాజరు సంగతి నేను మాట్లాడతా, అన్నాడు. రెండే? నాగేశ్వరయ్య వీపు నిటారైంది. బేరం తన విద్య. నోటిదాకా వచ్చిన కేకను ఆపుకుని, కొడుకు వైపు తిరిగి, సుచిత్ర మీద చూపు పెట్టకుండా వాడి మొహంలోకే చూసి అడిగాడు, “నేను మాట్లాడనా?” వాడి చేతులు లేచాయి. “నువ్వు ఉండు నాయనా. నేనే,” అన్నాడు. పాఠాలు వారానికి ఆరు రోజులు కదా సార్ అన్నాడు. సారు జీతమిచ్చేదానికి దుడ్లు లేవప్పా, మనుషులు లేరప్పా, అన్నాడు. వాడు చేతులు ఒడిలో పెట్టుకున్నాడు. ఎంతసేపు ఊరుకోవాలో అంతసేపు ఊరుకున్నాడు. తర్వాత తొందర లేకుండా సంచి జిప్పు లాగి, భుజాన వేసుకుని, కుర్చీ వెనక్కి జరిపి లేచి, రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు. నాగేశ్వరయ్య కుర్చీ అంచుకు జరిగాడు. ఇది తనది. ఇది మార్కెట్లో తన పని. ధర కుదరకపోతే కండువా భుజాన వేసుకుని, దండం పెట్టి, మూడు అడుగులు వేయడం. ఎన్నడూ నేర్పింది లేదు. మూటల మీద కాళ్లు చాచుకుని కూర్చుని వాడు చదువుకున్నది ఇదా! రెండో అడుగు దగ్గర సారు, “ఉండప్పా, ఉండు, యాడికి పోతాండావు?” అన్నాడు. నాలుగు రోజుల దగ్గర కుదిరింది. మిగతా రెండు రోజులకు క్లాసులో ఒక పిల్ల నోట్సు టైపు చేస్తే, వాడి ఫోను తెర మీద అప్పటికప్పుడు కనపడేట్టు చూస్తామన్నారు. ఒకటో తారీఖు నుంచి మొదలు, అందాకా రెండు రోజులు ఇంట్లో ఉండి వస్తానని వాడూ బయలుదేరాడు. ఒక సెమిస్టరు చూసి మళ్లీ మాట్లాడుకుందామన్నారు. గెలుపు అనడానికి లేదు. మళ్లీ మళ్లీ పోయి అడగవలసే ఉంటుంది. సరుకు అమ్ముకున్న మనిషికి అది తెలుసు. కానీ మెట్లు దిగుతుంటే సుచిత్రను ఆపి, నీ చేతులకు పుణ్యముంటాదమ్మా అన్నాడు తను. ఆ పిల్ల నవ్వి, “మీవాని మాటలే అంత బాగున్నాయన్నా. నేను ఊరికే మోసినా,” అంది.

పెనుకొండ రాబోతోంది. దూరంగా కార్ల ఫ్యాక్టరీ తెల్ల రేకులు ఎండకు మెరిశాయి, వాటి వెనక కొండ, కొండ మీద కోట గోడ వంకర గీతలాగా. జనం దిగారు, జనం ఎక్కారు. పూలామె మూర కొలుస్తూ ఎవరితోనో కన్నడంలో బేరమాడుతోంది. ఏదో ఒకటి చెప్పాలి, హిందూపురం వచ్చేలోపలే చెప్పాలి, ఇల్లు చేరితే భాగ్యలక్ష్మి మధ్యలోకి వస్తుంది, మళ్లీ అన్నీ ఆమే మోస్తుంది. ఫోను తీశాడు. ఇతరులతో అతను ఫోన్లో టైపు చేయడు, గొంతు రికార్డు చేసి పంపుతాడు. కొడుకు ఒక్కడికే వేలితో కొడతాడు. వాట్సాప్‌లో పైకి జరుపుకుంటూ పోయాడు. తిన్నావా. తిన్నా. బండెక్కినావా. ఎక్కినా. తిన్నావా. తిన్నా. ఎనిమిది నెలలు, తిన్నావా తిన్నా. వేలు పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. ఒత్తులు తప్పుతున్నాయి, చెరిపాడు, మళ్లీ కొట్టాడు. బండి కదిలింది. ‘ఉత్తరం రాసింది తప్పు. నిన్ను అడక్కుండా రాసినా. ఇల్లు బోసిపోయింది. పిల్లి నీ మూట మీద పడుకుంటాది.’ ఆ చివరి ముక్క తీసేద్దామనుకున్నాడు, వేలు జారి పోనే పోయింది.

ఎదురుగా వాడి జేబు వణికింది. తీసి చూశాడు. తలెత్తి తండ్రిని చూశాడు. మళ్లీ ఫోనులోకి వంగాడు. తెర పైన ‘టైపింగ్’ అని వచ్చింది. పోయింది. వచ్చింది. రెండు బొటనవేళ్లూ వాన చినుకుల్లాగా పడుతున్నాయి, ఎంత వేగం! చాకర్లపల్లి దాటింది. ఇంకా టైపింగ్. ఏం రాస్తున్నాడింత?  పూలామె ఏదో అడిగింది, వినపడలేదు. ఫోను ఒళ్లో దడదడలాడింది. ఒక మూరెడు ఉత్తరం. అంత పొడుగు మాట కొడుకు దగ్గర నుంచి ఇంతవరకూ రాలేదు. కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, అక్షరం అక్షరం పట్టుకుని చదివాడు.

‘నాయనా. నాకు కోపం వచ్చింది. ఇంకా ఉండాది. రెండు దినాలు ఉంటాదేమో, ఉండనీ. కానీ ఉత్తరం నువ్వు సారుకియ్యలేదు, నాకిచ్చినావు. అది చూసినా. ఇల్లు బోసిపోతే ఆదివారం నువ్వే రా. మంచం మీద నువ్వు పడుకో, నేను చాప వేసుకుంటా. నీకు నిద్ర పట్టదు, అయినా రా. పిల్లిని తరమాకు. ఇంకొకటి అడగాల. నాకు తొమ్మిదేండ్లప్పుడు నువ్వూ నేనూ ఈ పెనుకొండ కొండెక్కినాం. నువ్వు ముందర పోతాండావు. నేను వెనక నుంచి నోటితో నిన్ను పిలిచినా. నువ్వు నా తట్టు తిరిగినావు. మళ్లీ వెంటనే ఆ పక్కకు తిరిగి శానాసేపు చూసినావు. ఆ పక్క బండలే, ఎవరూ లేరు. నేను పిలిచింది ఒకసారే. ఆడ ఎవరుండారు నాయనా? ఎవర్ని చూసినావు? అప్పట్నుంచీ అడగాలని ఉండాది. ఎట్ల అడగాల్నో తెలీలేదు.’

నాగేశ్వరయ్య కళ్లజోడు తీశాడు. కొండ ఇంకా కనపడుతోంది, వెనక్కి పోతూ, ఊదారంగు తిరుగుతూ. వచ్చింది, ఆ మధ్యాహ్నం మొత్తంగా వచ్చింది. కోట గోడ నీడ, వేడి బండ, వాడి నీలం చొక్కా, కాలికి గుచ్చుకున్న ముల్లు. ఆ కేక. వెనక నుంచి వచ్చింది, అంతలోనే ఎదుటి బండల్లో నుంచి వచ్చింది. వాడికి చెప్పాలనుకున్నాడు అప్పుడు. చేతులతో ఎట్లా చూపించాలో తెలియక, ఏమీ లేదులే అని అరచేయి ఊపి, పద అన్నాడు. తొమ్మిదేళ్లప్పుడు ఏమీ లేదన్నది వీడు పదమూడేళ్లు మోశాడు. బండల్లో ఎవరో ఉన్నారని, వాళ్లు తనకొక్కడికే కనపడలేదని. కొట్టడం మొదలుపెట్టాడు. తప్పులు దిద్దుకోలేదు.

‘ఆడ ఎవరూ లేరు నాయనా. నీ గొంతే. నువ్వు పిలిస్తే అది పోయి బండకు తగిలి తిరిగి వచ్చింది. నువ్వొకసారి పిలిచినావు, కొండ ఒకసారి పిలిచింది. రెండు పక్కలా నువ్వే.’

వాడు చదివాడు. మళ్లీ చదివాడు. పెదాలు కదిలాయి. ఒక్క లైను కొట్టాడు. ‘నా గొంతు అంత దూరం పోతాదా?’

ఇంటి బయట వాడు నోరు తెరిచినప్పుడల్లా జనం తిరిగి చూడడం, తను సిగ్గుపడి అరచేయి కిందికి నొక్కి మెల్లగా, మెల్లగా అని సైగ చేయడం, కొన్నాళ్లకు వాడు బయట నోరు తెరవడమే మానేయడం, అన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి. అవన్నీ కొట్టాలంటే బెంగుళూరు దాకా పోవాలి. ‘పోతాది. నాదంత పెద్దది,’ అని కొట్టాడు.

వాడు ఆ మాటను ఫోనులో చూశాడు, తండ్రి గొంతు మీద ఆడే ముడి వైపు చూశాడు, చేయి తన గొంతు మీద వేసుకున్నాడు. దవడ దగ్గర కండరం వదులైంది. ఊపిరి తీసుకుని, కళ్లలో ఏదో అల్లరి మెరవగా, పెట్టె ఈ చివర నుంచి ఆ చివర దాకా వినపడేట్టు, “నాయనా!” అన్నాడు. పూలామె చేతిలో మూర జారింది. పేకాట ఆడుతున్నవాళ్లు తలలు తిప్పారు. తలుపు దగ్గర నిలబడిన వాళ్లు లోపలికి తొంగి చూశారు.

నాగేశ్వరయ్య లేచి, ఎదురు సీట్లో కొడుకు పక్కన చోటు చేసుకుని కూర్చుని, మార్కెట్లో వేలం నాడు తీసేంత గొంతు తీశాడు.

“ఓయ్! ఏమప్పా!”